బిళ్ళతో పాటు ఒక మాట

ఫార్మకాలజీ పరీక్ష దగ్గర పడిందని మందుల పేర్లు ఒక పక్కన, సైడ్ ఎఫెక్టులు ఇంకో పక్కన రాసుకుని వల్లె వేస్తున్నావు కదూ అమ్మడూ! పరీక్ష గట్టెక్కడానికి అది చాలు, కాదనను. కానీ అలా బట్టీ పట్టింది వార్డులో రెండు నైట్ డ్యూటీలు చేసేసరికి ఆవిరైపోతుంది. కారణం తెలుసుకుని నేర్చుకున్నదే నిలుస్తుంది. ఈ మందు ఒంట్లో ఏ పని చేస్తుంది, ఆ పనితో సంబంధం ఉన్న చోట్లు ఒంట్లో ఇంకా ఎక్కడున్నాయి అన్న రెండు ప్రశ్నలు వేసుకో. సైడ్ ఎఫెక్టుల్లో ముప్పాతిక వంతు నీకు నువ్వే చెప్పుకోగలుగుతావు.

ఎందుకంటావా? మేడమీద ట్యాంకులో బ్లీచింగు కలిపితే అది వంటింటి కొళాయికి మాత్రమే వస్తుందా? పెరట్లో కొళాయికీ వస్తుంది, స్నానాల గదిలోకీ వస్తుంది. మింగిన బిళ్ళ సంగతీ అంతే. పేగుల్లోంచి రక్తంలో కలిసి నడినెత్తి నుంచి అరికాలి దాకా తిరుగుతుంది. మోకాలి నొప్పికని వేసుకున్న బిళ్ళ మోకాలి దగ్గరే ఆగదు.

ఆ నొప్పి బిళ్ళల దగ్గరే మొదలుపెడదాం. ఆస్పిరిన్‌ని 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధమైన రూపంలో తయారుచేశాడు. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా దాన్ని మింగింది గానీ, అది ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. 1971లో లండన్‌లో జాన్ వేన్ తేల్చాడు. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఒంట్లో తయారవుతాయి. ఆస్పిరిన్ వాటి తయారీకే అడ్డుపడుతుంది. ఈ ప్రోస్టాగ్లాండిన్ల మీద చేసిన పనికి 1982లో ఆయనకీ, ఇంకో ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు నా రెండో ప్రశ్న వేసుకో. ఆ ప్రోస్టాగ్లాండిన్లకి ఒంట్లో వేరే పనులున్నాయా? ఉన్నాయి, చాలా ముఖ్యమైనవే ఉన్నాయి. పొట్టలో ఆసిడ్ గోడని తినేయకుండా జిగురుపొర కప్పించేవి అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తనాళం కుంచించుకుపోకుండా కాపాడేవీ అవే. మరి వాటి తయారీ ఆపేస్తే ఏమవుతుంది? మోకాలికి హాయి, పొట్టలో మంట, పుండు. ఎండాకాలం నీళ్ళు సరిగా తాగని ముసలివాళ్ళకి కిడ్నీ మీద దెబ్బ. చూశావా, పట్టికలో నాలుగు వరుసలు రాసుకున్నదంతా ఒక్క కారణంలో ఇమిడిపోయింది. డైక్లోఫెనాక్ అయినా, ఐబుప్రొఫెన్ అయినా ఇదే కథ.

మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి ఈ బిళ్ళలు వేసుకునే పెద్దవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి బీపీ బిళ్ళ ఉంటుంది, కొందరికి నీరు తీసే బిళ్ళ కూడా ఉంటుంది. బీపీ బిళ్ళల్లో కొన్ని, నీరు తీసే బిళ్ళ, నొప్పి బిళ్ళ ఈ మూడూ కలిస్తే కిడ్నీ మూడు వైపుల నుంచీ ఇరుక్కుంటుంది. ఇది డాక్టరు చీటీలో కనిపించదు. నొప్పి బిళ్ళని రోగి మందుగా లెక్కేసుకోడు కాబట్టి చెప్పడు. నువ్వే అడగాలి: "నొప్పులకి విడిగా ఏమైనా వేసుకుంటున్నారా పెద్దమ్మా?" అని. అడిగాక చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. ఖాళీ కడుపున వేసుకోవద్దు, విరేచనం తారులా నల్లగా జిగటగా వస్తే అది లోపల రక్తం కారడమే, ఆ రోజే రావాలి.

గుండెపోటు వచ్చినవాళ్ళకి ఇచ్చే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ కథ కొంచెం వేరు. రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టకుండా అది ఆపుతుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు, ఆస్పిరిన్ చెడగొట్టిన ఎంజైముని మళ్ళీ తయారు చేసుకోలేదు. అందుకే ఒక్క చిన్న బిళ్ళ ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికి ఉన్నన్నాళ్ళూ, అంటే వారం పది రోజుల పాటు ఉంటుంది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఈ బిళ్ళ వేసుకుంటున్నామని డెంటిస్టుకి చెప్పాలి. అలాగని రోగి తనంతట తాను మానేస్తే మళ్ళీ గుండెపోటుకి తలుపు తెరిచినట్టే. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఎందుకు వద్దంటారో కూడా ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. అసలే ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు, ఉన్నవాటిని కూడా పనిచేయకుండా చేస్తే రక్తస్రావం పెరుగుతుంది. ఆ జ్వరానికి పారాసిటమాలే మంచిది.

పారాసిటమాల్ మంచిది అన్నానని దాని విషయంలో ఏమరుపాటు పనికిరాదు. మామూలు మోతాదులో ఇంత నెమ్మదైన మందు ఇంకోటి లేదు. లివరు దాన్ని చాలావరకు శుభ్రంగా వదిలించుకుంటుంది. కొద్ది భాగం మాత్రం ఒక విషపదార్థంగా మారుతుంది, దాన్ని లివరులోని గ్లూటాథయోన్ వెంటనే విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది, ఇక ఆ విషం లివరునే పట్టుకుంటుంది. పెద్దవాళ్ళకి రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. తాగుడు అలవాటున్నవాళ్ళకీ, లివరు జబ్బున్నవాళ్ళకీ అంత కూడా వద్దు. 650 మిల్లీగ్రాముల బిళ్ళలు ఆరు వేసుకుంటే దాదాపు ఆ హద్దుకి చేరినట్టే. చిక్కు ఎక్కడంటే, జలుబు బిళ్ళల్లో, ఒళ్ళు నొప్పుల బిళ్ళల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. పేర్లు వేరని రెండూ వేసుకుంటారు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదివించడం నీ పని.

పసిపిల్లల విషయంలో ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. బరువుని బట్టి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. ఈ మందు సిరప్‌గా 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములదీ ఉంది, 250దీ ఉంది. చంటిపిల్లలకిచ్చే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దపిల్లకి సిరప్ చెంచాడు పోసినట్టు చిన్నపిల్లకి చుక్కల మందు చెంచాడు పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. పది కిలోల బిడ్డకి అది మూడింతలకు మించిన మోతాదు! సీసాతో వచ్చిన మూతతోనో డ్రాపరుతోనో కొలవమని చెప్పు, ఎంతవరకు పోయాలో గీత చూపించు. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత.

బీపీ బిళ్ళల కథ నాకు ఎంతో ఇష్టం. బ్రెజిల్‌లో జరారాకా అనే విషసర్పం ఉంది. దాని విషం మీద పనిచేస్తూ 1949లో మౌరీసియో రోషా ఇ సిల్వా బృందం రక్తనాళాలను వదులుచేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. తర్వాత సెర్జియో ఫెరీరా అనే యువకుడు ఆ విషంలోనే బ్రాడీకైనిన్ విరిగిపోకుండా కాపాడే గుణం ఉందని గమనించాడు, ఆ విషసారాన్ని తీసుకుని లండన్ వెళ్ళాడు. ఎవరి ప్రయోగశాలకనుకున్నావు? ఇందాకటి జాన్ వేన్ దగ్గరికే. ఆ దారిలో అమెరికాలోని స్క్విబ్ కంపెనీలో కుష్‌మన్, ఆండెట్టి అనేవాళ్ళు కాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది వాడకంలోకి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్ళే.

ఈ బిళ్ళలు ఏసీఈ అనే ఎంజైముని ఆపుతాయి. ఆ ఎంజైము రెండు పనులు చేస్తుంటుంది. రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేయడం ఒకటి, బ్రాడీకైనిన్‌ని విరగ్గొట్టడం రెండోది. ఎంజైము ఆగితే బీపీ తగ్గుతుంది, మంచిదే. కానీ విరగని బ్రాడీకైనిన్ ఊపిరితిత్తుల్లో పోగుపడి గొంతు గరగరలాడుతుంది, పొడిదగ్గు పట్టుకుంటుంది. పదిమందిలో ఒకరికి అటూఇటూగా వస్తుందిది. ముందే చెప్పకపోతే రోగి ఏం చేస్తాడు? దగ్గుమందు తాగుతాడు, తగ్గదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఎక్స్‌రే తీయించుకుంటాడు, యాంటీబయాటిక్ మింగుతాడు. నెలల తరబడి రాత్రిళ్ళు నిద్ర ఉండదు. బిళ్ళ మొదలుపెట్టిన రోజున "కఫం లేని దగ్గు వస్తే ఈ బిళ్ళ వల్ల కావచ్చు, మానేయకుండా వచ్చి చెప్పండి, మారుస్తారు" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ తిప్పలేవీ ఉండేవి కావు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఆ ఎంజైము జోలికి పోవు కాబట్టి వాటితో ఆ దగ్గు దాదాపుగా రాదు. అయితే పెదవులో నాలుకో ఉబ్బితే మాత్రం అది దగ్గులా తీసిపారేసేది కాదు. గొంతు మూసుకుపోవచ్చు, ఉన్నపళంగా ఆసుపత్రికి పరిగెత్తాలి. గర్భిణులకి ఈ రెండు రకాలూ పనికిరావు.

ఎమ్లోడిపిన్ రక్తనాళాల గోడ కండరాలను వదులు చేస్తుంది. కాళ్ళలో చిన్న నాళాలు వదులై నీరు బయటికి ఊరి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. కిడ్నీ చెడిపోయిందని రోగి బెంగపెట్టుకుంటాడు. ఎటెనోలాల్, మెటోప్రొలాల్ వంటివి గుండె మీద అడ్రినలిన్ పనిని అడ్డుకుంటాయి. అడ్రినలిన్‌కి ఊపిరి గొట్టాలను వెడల్పు చేసే పని కూడా ఉంది గనక ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇవి ఆయాసం తెస్తాయి. దీనికి తిరగేసినది ఆస్తమాకి ఇచ్చే సాల్‌బ్యుటమాల్. అది గొట్టాలను విప్పుతుంది, దాంతోపాటు గుండె దడ, చేతుల వణుకు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఒకటి గుర్తుంటే రెండోది అదే వస్తుంది.

ఏ బీపీ బిళ్ళ మొదలుపెట్టినా పడక మీద నుంచి ఒక్కసారిగా లేవొద్దని చెప్పు. కాసేపు మంచం అంచున కూర్చుని, తర్వాత నిలబడాలి. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ పొద్దున్నే వేసుకోవాలి, రాత్రి వేసుకుంటే బాత్రూముకి తిరగడంతోనే సరి, చీకట్లో పడి తుంటి విరిగితే అది వేరే కథ.

ఇక షుగరు. మెట్‌ఫార్మిన్ పేగుల్లో కాస్త గోల చేస్తుంది, వికారం, పల్చటి విరేచనం. భోజనం మధ్యలోనో వెంటనేనో వేసుకుంటే, మోతాదు మెల్లగా పెంచితే చాలామందికి కొన్నాళ్ళకి సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గవచ్చు. అరికాళ్ళ తిమ్మిరిని షుగరు వల్ల అని వదిలేయకుండా బీ12 కూడా చూడాలి. గ్లిమిపిరైడ్ లాంటివి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని పిండేస్తాయి. కాబట్టి ఏకాదశి అనో రంజాన్ అనో ఉపవాసం ఉండేవాళ్ళని ముందే డాక్టరుతో మాట్లాడి బిళ్ళల వేళలు మార్పించుకోమనాలి. షుగరు పడిపోతే చెమట, వణుకు, ఆకలి, కళ్ళు తిరగడం. మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇందాకటి ఎటెనోలాల్ వాడే షుగరు రోగికి వణుకూ దడా తెలియవు, చెమట ఒక్కటే గుర్తు. ఇది చెప్పకపోతే ప్రమాదం.

ఇన్సులిన్ దగ్గర కొంచెం కూర్చో అమ్మడూ, ఇక్కడ తొందరపడకూడదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని వేరుచేశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పిల్లవాడికి మొదటిసారి ఇచ్చారు. అప్పటిదాకా ఆ జబ్బు పడ్డ పిల్లలు కళ్ళముందే ఎండిపోయి చనిపోయేవారు. అంతటి ప్రాణదాత మందు, కొలత తప్పితే ప్రాణం తీసేదీ అదే. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లో, కాట్రిడ్జిల్లో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకి 100 యూనిట్లు, సీసాల్లోనూ కొన్ని ఉంటాయి. 100 యూనిట్ల సిరంజికి నారింజరంగు మూత.

సిరంజిలు తారుమారైతే ఏమవుతుందో లెక్క వేసి చూడు. రోగికి 20 యూనిట్లు రాశారు. 40 యూనిట్ల సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకో, వచ్చింది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగరు దిగదు, మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు. అదే 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. ఆ మనిషి అర్ధరాత్రి స్పృహ తప్పుతాడు. అందుకే "సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా చూసుకోండి" అని చెప్పి ఊరుకోకు, వాళ్ళ చేతికే ఇచ్చి చూపించమను. మెడికల్ షాపులో ఆ రోజు ఏ సిరంజి ఉంటే అది ఇచ్చేస్తారు మరి. తెల్లగా పాలలా ఉండే రకాన్ని రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాలి, గిలక్కొట్టకూడదు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు. ఒక వేలు దూరం జరుపుతూ పొడవాలి. తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టిపోతే పారేయాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో నీడపట్టున తడిపిన మట్టికుండలో పెట్టుకున్నా ఎండ దెబ్బ తగలదు.

టీబీ మందుల దగ్గర ముందుమాట విలువ ఇంకా బాగా కనిపిస్తుంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే కోర్సు మామూలు టీబీకి ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. అందులో రిఫాంపిసిన్ వేసుకున్న మొదటి రోజే మూత్రం నారింజ ఎరుపులో వస్తుంది. చెమటకీ కన్నీళ్ళకీ కూడా ఆ రంగే. రక్తం పోతోందని హడలిపోయి మందు మానేస్తారు. సగంలో మానితే మిగిలిన క్రిములు మొండికేసి మందులకి లొంగని టీబీగా తిరగబడతాయి. ఆ రంగు మందుదే, భయం లేదని మొదటి బిళ్ళతోనే చెప్పు. అదే చేత్తో భయపడాల్సినవీ చెప్పు. ఆకలి చచ్చిపోయి వాంతులైతే, కళ్ళు పచ్చబడితే లివరు సంగతి చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే, చూపు మసకబారితే ఎథాంబుటాల్ పని. చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కితే ఐసోనియాజిడ్ పని, దానికి బీ6 ఇస్తారు. రిఫాంపిసిన్ లివరులో మందుల్ని అరగదీసే ఎంజైములను పెంచుతుంది, కాబట్టి గర్భనిరోధక బిళ్ళ పనిచేయకుండా పోతుంది. ఈ మాట కొత్తగా పెళ్ళయిన పిల్లకి నువ్వు కాక ఎవరు చెప్తారు?

మనవాడు ఒకాయన లేకుండా మందుల మాట ముగియదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకి ఇచ్చే డైఈథైల్‌కార్బమజిన్, లుకేమియా పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ వాడిన ఎమినోప్టెరిన్, దాని వెంటే మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948లో ఆయన కన్నుమూశారు. ఏటా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి బోదకాలు బిళ్ళలు ఇస్తారు చూడు, ఆ డీఈసీ సుబ్బారావుగారి బృందానిదే. ఆ బిళ్ళ వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. అది రక్తంలో ఉన్న పురుగు పిల్లలు చావడం వల్ల వచ్చేది, అంటే ఆ మనిషికి మందు అవసరమని తేలినట్టు. ఆ సంగతి చెప్పకపోతే మరుసటి ఏడు ఆ వీధిలో ఎవరూ బిళ్ళ మింగరు. అన్నం తిన్నాకే మింగాలి. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకీ ఇవ్వరు.

మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కీ విరివిగా వాడుతున్నారు. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు అమ్మడూ! మనవాళ్ళకి బిళ్ళ అంటే రోజూ వేసుకునేదే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జలో రక్తకణాలు తయారవడం ఆగిపోతుంది, నోరంతా పుళ్ళు పడతాయి, ప్రాణాలు పోతాయి. నా రెండు ప్రశ్నలు ఇక్కడా పనికొస్తాయి. త్వరత్వరగా విభజన చెందే కణాలను ఆపడం దీని పని, అలాంటి కణాలు మజ్జలో, నోటిపొరలో, పేగుల్లో, గర్భంలోని బిడ్డలో ఉంటాయి. చీటీ మీద ఏ వారమో పెద్ద అక్షరాలతో రాయి, "బుధవారం" అని రాసి దాని కింద గీత గీయి. వేరే రోజున ఇచ్చే ఫోలిక్ ఆమ్లం బిళ్ళ కూడా పసుపురంగు చిన్న బిళ్ళే కావచ్చు, రెండూ తారుమారు కాకుండా విడి డబ్బాల్లో పెట్టించు.

గుండెలో కవాటం మార్చుకున్నవాళ్ళకిచ్చే రక్తం పల్చన చేసే మందు కథ గడ్డిమేటులో పుట్టింది. బూజుపట్టిన తీపి క్లోవరు గడ్డి తిని అమెరికాలో పశువులు రక్తం కారి చచ్చిపోతుంటే, విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం ఆ పదార్థాన్ని పట్టుకుంది. దాన్నుంచి వచ్చిన వార్ఫరిన్‌ని 1948లో ఎలుకలమందుగా అమ్మారు, 1954లో మనుషులకి మందుగా అనుమతించారు. విటమిన్ కె పనిని అది అడ్డుకుంటుంది. ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. అలాగని తోటకూర, పాలకూర మానేయమని చెప్పకు, అది తప్పు సలహా. రోజూ ఎంత తింటారో అంతే తినమను. వారం రోజులు ముట్టుకోకుండా ఆదివారం పెద్ద గిన్నెడు పప్పుకూర లాగించడమే ఇబ్బంది. రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకి పిలిచిన రోజున రావాలి, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, ఒంటి మీద నీలిమచ్చలు కనపడినా, తలకి దెబ్బ తగిలినా ఆగకూడదు. ఆస్పిరిన్, నొప్పి బిళ్ళలు డాక్టరు చెప్పకుండా దీనితో కలపకూడదు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున మంచినీళ్ళతో, కాఫీకి అరగంట ముందు. ఐరన్, కాల్షియం బిళ్ళలకీ దానికీ నాలుగు గంటల ఎడం. గర్భిణులకిచ్చే ఐరన్ బిళ్ళతో విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే. నిమ్మరసంతో బాగా ఒంటబడుతుంది, టీతో పడదు. డాక్సీసైక్లిన్ గ్లాసుడు నీళ్ళతో మింగి వెంటనే పడుకోకూడదు, అన్నవాహికలో ఇరుక్కుంటే కాలుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలి. వారాల తరబడి వేసుకున్న స్టెరాయిడ్ బిళ్ళ ఒక్కరోజులో ఆపకూడదు, ఎందుకంటే ఒంట్లో స్వంతంగా తయారయ్యేది అప్పటికి నిద్రపోయి ఉంటుంది.

నా రెండు ప్రశ్నల లెక్కకి లొంగనిది ఎలర్జీ. మందు చేసే పనికీ దానికీ సంబంధం లేదు. ఒళ్ళు ఆ మందుని శత్రువనుకుంటుంది. పెన్సిలిన్ జాతి మందులతో ఎక్కువగా చూస్తాం. ఇంజక్షను చేసే ముందు "మీకు ఎలర్జీ ఉందా?" అంటే చాలామందికి అర్థం కాదు. "ఇంతకుముందు ఏ మందైనా పడలేదా? దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?" అని అడుగు, వెంటనే చెప్తారు. చెప్పింది కేసుషీటు మీద ఎర్రసిరాతో రాయి. ఊపిరాడక, బీపీ పడిపోతే పెద్దవాళ్ళకి తొడ బయటివైపు కండరంలో అడ్రినలిన్ అర మిల్లీగ్రాము, ఆలస్యం లేకుండా. ట్రేలో ఆ ఆంప్యూలు ఉందో లేదో చూసుకోకుండా ఏ ఇంజక్షనూ మొదలుపెట్టకు. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉన్న మందులు డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని రోగికి చెప్పు, ఆ గీతని వేలితో చూపించి మరీ చెప్పు.

చెప్పడంలో ఒక పద్ధతి ఉంది. "అర్థమైందా?" అని అడగకు. నర్సమ్మ ముందు కాదనడానికి మొహమాటపడి అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళాక ఈ బిళ్ళలు ఎప్పుడెప్పుడు ఎలా వేసుకుంటారో నాకు ఒకసారి చెప్పండి బాబాయిగారూ" అను. ఆయన చెప్పేదాంట్లో ఎక్కడ జారిందో నీకే తెలుస్తుంది, అక్కడ మళ్ళీ చెప్పు. చదువురాని అవ్వకి కాగితం మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేసి ఇవ్వు. ఒక్కో మందుకి రెండే సంగతులు గుర్తుండేలా చూడు. ఓర్చుకోదగ్గ ఇబ్బంది ఏది, పరిగెత్తి రావాల్సిన గుర్తు ఏది. పది చెప్తే పదీ మర్చిపోతారు.

ఇంకొక్కటి, ఇది నీకే కాదు, ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో వేసుకుంటున్న ప్రతి మందూ ఒక సంచీలో వేసి తీసుకెళ్ళండి. షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళ, పక్కింటివాళ్ళు ఇచ్చిన పొడి, నాటువైద్యుడి లేహ్యం, బలానికని వాడే టానిక్కు, ఏదీ దాచకండి. ఆ సంచీ బల్ల మీద గుమ్మరించి, ఇవన్నీ కలిపి వేసుకోవచ్చా అని డాక్టరునో నర్సునో అడగండి.